మూడో ఫ్యూజు

నేరం ఒప్పుకునేవాళ్ళని వెంటనే నమ్మే అలవాటు హైమావతికి లేదు. ఒప్పుకోనివాళ్ళనీ నమ్మదనుకోండి. కానీ అబద్ధమాడేవాడికి తను చేసిందేమిటో కనీసం స్పష్టంగా తెలిసి ఉంటుందని ఆమె లెక్క.

జర్మనీలో క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ అనే కొండ ఊళ్ళో, ఓ స్టూడెంట్ హాస్టల్ వంటగదిలో ఆమె ఎదురుగా కూర్చున్న సృజన్‌కి అది కూడా తెలిసినట్టు లేదు. వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి ఏడాదిన్నర అయింది. బల్ల మీద అతని ముందు రెండు పేజీల జర్మన్ కాగితం ఉంది. మధ్యాహ్నం మూడింటికి గోస్లార్ పోలీస్ స్టేషన్లో హాజరు కావాలి. అక్కడ ఆ కాగితం మీద సంతకం పెడితే, నిర్లక్ష్యంతో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చానని ఒప్పుకున్నట్టు. చదువూ, వీసా రెండూ దాంతోనే పోతాయి.

టైము పదకొండు నలభై.

"బండిలో రాడార్ డిటెక్టర్ ఏ రోజు బిగించావు?"

"అక్టోబర్ పద్దెనిమిది, శనివారం, ఆంటీ."

"అక్కా అను. నీ కేసు చూడ్డానికి వచ్చాను, వయసు చెప్పించుకోడానికి కాదు."

"సారీ అక్కా."

హైమావతికి నలభై ఏడు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆమె కార్డు మీద 'వాహన ప్రమాద నిపుణురాలు' అని ఉంటుంది. ఊళ్ళో తెలుగువాళ్ళంతా డిటెక్టివ్ అంటారు. ఆమె తండ్రికి విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల వైరింగ్ షాపుండేది. కాలేజీలో నేర్చుకున్నదానికన్నా ఆ షాపులో నేర్చుకున్నదే ఆమెకి ఇక్కడ ఎక్కువ అన్నం పెట్టింది.

కేసు చిన్నదే. నవంబర్ పద్నాలుగు, శుక్రవారం సాయంత్రం. డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే విక్రాంత్, క్లాస్తాల్ యూనివర్సిటీలో రిసెర్చ్ చేస్తున్న భార్య పూజిత దగ్గరికి కారులో వస్తున్నాడు. వారం వారం వచ్చేదే. కొండ మలుపులో హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. బండి చెట్టుని గుద్దింది. ఇవాళ డిసెంబర్ నాలుగు. విక్రాంత్ ఇంకా కళ్ళు తెరవలేదు. డాష్‌బోర్డు కింద, స్పీడు కెమెరాలని ముందే పసిగట్టే రాడార్ డిటెక్టర్ తీగ కనిపించింది, పక్కనే లైట్ల ఫ్యూజు పేలి ఉంది. బీమా తరఫు రిపోర్టు ఆ రెండింటినీ ముడేసింది. తీగ బిగించింది సృజన్ అని తేల్చింది. నిజమేదో తనకి తెలియాలని హైమావతిని పిలిపించింది పూజిత.

"ఆ పరికరం ఇక్కడ నిషేధం అని తెలుసా?"

"ఎర్కనే అక్కా. విక్రాంత్ అన్న లైసెన్స్ మీద స్పీడుకు పడ్డ ఏడు పాయింట్లున్నయ్. ఇంకొక్కటి పడితే లైసెన్స్ పోతది, వారం వారం మీ వదిన దగ్గరికి రాలేను అన్నడు. కాదనలేకపోయిన."

"అది పట్టుబడితే దానికీ ఓ పాయింటే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సరే, కరెంటు ఎక్కణ్ణుంచి తీశావు?"

ఆ ప్రశ్నతో సృజన్ వెన్ను కాస్త నిటారుగా అయింది. పని తెలిసినవాడిని పని గురించి అడిగితే అలాగే అవుతుంది. "వెనక వైపర్ ఫ్యూజు నుంచి. కీ తిప్పితేనే దానికి కరెంట్ వస్తది, బండి బంద్ చెయ్యంగనే పోతది. ఫ్యూజు మీద ఫ్యూజు కూసునే అడాప్టర్ ఉంటది కదా, అది పెట్టిన. డిటెక్టర్‌కి వేరే రెండు ఆంపియర్ల ఫ్యూజు."

"వైపర్‌దే ఎందుకు?"

"పానం మీదికొచ్చేవి ముట్టద్దని మా మామ చెప్పిండు. లైట్లు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగు. మామది వరంగల్‌ల ఆటో ఎలక్ట్రికల్ షాపు. సెలవులన్నీ నేను ఆడనే ఉండేటోన్ని."

"ఇంత జాగ్రత్తగా చేసినవాడివి, ఈ కాగితంలో తప్పు నాదేనని ఎందుకు రాశావు?"

సృజన్ తల దించుకున్నాడు. "ఎర్త్ బోల్టు అక్కా. బిగించిన్నో లేదో గుర్తుకొస్తలేదు. ఆరోజు నాకు షిఫ్ట్ ఉండె, జల్దిల ఉన్న. బోల్టు లూజయితే తీగ ఊసిపోయి దేనికన్న తగిలిందేమో. కండ్లు మూస్తే అదే బోల్టు కనబడుతున్నది. అన్న లేస్తలేడు. నేనే చేసిన్నేమో అక్కా."

హైమావతికి జాలేసింది. దాని వెనకే, ఈ అనుమానాన్ని ఇతని తలలో నాటినవాళ్ళ మీద కోపం వచ్చింది. రెంటినీ పక్కన పెట్టి అసలు ప్రశ్న వేసింది.

"పనయ్యాక మీ మామకి ఫొటో పంపలేదూ?"

సృజన్ ఉలిక్కిపడ్డాడు. "మీకెట్ల తెలుసు?"

"గురువు దగ్గర పని నేర్చుకున్నవాడు గురువుకి చూపించకుండా మూత మూయడు. నేనూ పంపేదాన్ని, మా నాన్నకి."

ఫోన్లో ఉంది. అక్టోబర్ పద్దెనిమిది, సాయంత్రం నాలుగూ ఇరవై రెండు. ఫ్యూజు బాక్సు ఫొటో. కింద మామ గొంతు: "సాఫ్‌గున్నదిరా. ఎర్త్ మంచిగ కూసున్నది. ఇగ మూత పెట్టు."

"ఇది పోలీసులకి చూపించలేదా?"

"ముందు భయమైంది. నేనే పెట్టిన్నని సాక్ష్యం అయితది కదా. ఒప్పుకుందామనుకున్నంక ఇగ ఎందుకనిపించింది."

తెలివైనవాళ్ళే చేసే తెలివితక్కువ పని. హైమావతి ఫొటోని పెద్దది చేసి చూసింది. వరసగా పది ఫ్యూజులు. ఒకదాని మీద అడాప్టర్. మిగతా తొమ్మిదింటి చుట్టూ నూలుపోగు కూడా లేదు.

"ఫొటో నాకు పంపు. మూడింటికి స్టేషన్‌కి వెళ్ళు. నేను ఫోన్ చేసేదాకా సంతకం మాత్రం పెట్టకు."

"మీరు చెయ్యకపోతే?"

"చేస్తాను."

గోస్లార్ శివారులో, దెబ్బతిన్న బండ్లని లాక్కొచ్చి పెట్టే టోయింగ్ యార్డు. యజమాని వోల్టర్స్, అరవై ఏళ్ళ మనిషి. ఆయన రిజిస్టర్లో టైముతో సహా నమోదు కాకుండా ఆ గేటులోంచి పిల్లి కూడా దూరదు. పూజిత ఇచ్చిన అధికార పత్రాన్ని రెండుసార్లు చదివి, 13:50 అని రాసుకున్నాడు.

"పోలీసులు పొద్దున్నే బండిని వదిలేశారు. మూడింటికి లారీ వస్తుంది. తుక్కు కింద నొక్కేయడానికి బీమావాళ్ళ మనిషి దగ్గరుండి పంపిస్తాడట. మూడు దాటితే మీ కాగితం చెల్లదు."

డెబ్బై నిమిషాలు. హైమావతి మోకాళ్ళ మీద కూర్చుని స్టీరింగు కింద తల పెట్టింది.

ముందు సృజన్ పని చూసింది. అడాప్టర్ సరిగ్గా కూర్చుని ఉంది. రెండు ఆంపియర్ల ఫ్యూజు చెక్కుచెదరలేదు. వైపర్ ఫ్యూజూ అంతే. డిటెక్టర్‌ని పోలీసులు తీసుకెళ్ళినా తీగ అలాగే ఉంది. ఎక్కడా కాలిన మచ్చ లేదు. ఎర్త్ బోల్టుని వేళ్ళతో లాగింది, తర్వాత స్పానరు పెట్టి తిప్పింది. కదల్లేదు.

తర్వాత పేలిన ఫ్యూజు. పై నుంచి మూడోది. మూత వెనక బొమ్మలో 'లైట్ల స్విచ్చి' అని ఉంది. దాన్ని పటకారుతో మెల్లిగా బయటికి లాగింది. దాని కాలికి, సన్నటి రాగి పోగులు రెండు మూడు చుట్లు చుట్టి ఉన్నాయి. ఎవరో తీగ చివర ఒలిచి, ఫ్యూజు కాలికి చుట్టి, ఫ్యూజుతో పాటే లోపలికి నొక్కేశారు. అడాప్టర్ లేదు, ఆ తీగకంటూ వేరే ఫ్యూజు లేదు. మన దగ్గర రోడ్డు పక్కన పది నిమిషాల్లో పని కానిచ్చే పద్ధతి. ఆటోనగర్‌లో ఆమె తండ్రి షాపులో ఎవరైనా ఇలా చేస్తే, టీ వచ్చేలోపే బయటికి పంపేసేవాడు.

అక్టోబర్ పద్దెనిమిది నాటి ఫొటోలో ఆ ఫ్యూజు శుభ్రంగా ఉంది. అంటే ఈ తీగ ఆ తర్వాత వచ్చింది.

నల్లటి సన్న తీగ. కార్పెట్ కిందుగా కుడివైపుకి పాకింది. పూజిత చూపించిన పోలీసు ఫైల్లో యాభై ఫొటోలూ ఎడమవైపువే. హైమావతి కుడి తలుపు తీసి, గ్లవ్ బాక్సు ఊడదీసింది. దాని ఇనుప అంచు రాసుకున్నచోట తీగ తొడుగు తెగి, రాగి నల్లగా మాడి ఉంది. ఇక్కడే తగిలింది. తనకంటూ ఫ్యూజు లేని తీగ ఇనుముని తాకితే ఆ దెబ్బ లైట్ల ఫ్యూజే తిన్నది.

తీగ చివర అగ్గిపెట్టెంత నల్లటి డబ్బీ ఉంది. లోపల సిమ్ము. బండి ఎప్పుడు ఎక్కడుందో ఎవరికో చెప్పే ట్రాకర్.

హైమావతి కాసేపు మడమల మీద అలాగే కూర్చుంది. బండి ఆగినా ఆగకపోయినా ట్రాకర్‌కి కరెంటు కావాలి. అందుకు లోపలి దీపం ఫ్యూజు ఉంది, కింది నుంచి మూడోది. పోయినా ఎవరికీ ప్రమాదం లేదు. అది వదిలేసి లైట్ల స్విచ్చి మీద చెయ్యి వేసిన తెలివైనవాడెవడు? అదొక్కటే అర్థం కాలేదు.

డబ్బీ బతికే ఉందేమో చూద్దామని తన సంచిలోని చిన్న బ్యాటరీకి క్లిప్పులతో తగిలించింది. పచ్చ దీపం మిణుకుమంది. నెట్‌వర్క్ వెతుక్కోడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. ఇంతలో గేటు దగ్గర తెలుగు వినిపించింది. ఆమె డబ్బీ మీద తన జాకెట్ కప్పేసి లేచింది.

టైము రెండూ నలభై.

"హైమావతిగారూ! ఈ చలిలో కారు కింద దూరడమేమిటండీ, మీ హోదాకి?"

వాసుదేవరావు. ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్ళో సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకుని బీమా కంపెనీలకి పరిశోధన చేసి పెడతాడు. తెలుగువాళ్ళ కేసయితే కంపెనీలు అతన్నే పిలుస్తాయి. అంతకు ముందు హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళు, గుద్దుకున్న బండ్ల నష్టం లెక్కకట్టే మోటారు సర్వేయరు. సృజన్‌ని వేలెత్తి చూపిన రిపోర్టు అతనిదే. ఇద్దరూ నాలుగు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండు ఆమె గెలిచింది, రెండు అతను. ఆ లెక్క ఇద్దరికీ కంఠతా వచ్చు.

"మీరు దూరకుండానే రిపోర్టు రాశారు కదండీ. ఆ లోటు తీరుద్దామని."

"అందులో కొత్తగా చూసేదేముందమ్మా? దొంగ పరికరం, కుర్రాడి వైరింగు. నిప్పు లేనిదే పొగ రాదు."

"పొగ టైము కూడా చూడాలి. ఎదురొచ్చిన బస్సు కెమెరా ప్రకారం లైట్లు ఆరింది పద్దెనిమిది నలభై ఏడూ పది సెకన్లకి. రాడార్ డిటెక్టర్ మెమరీలో చివరి నమోదు పద్దెనిమిది నలభై ఏడూ పంతొమ్మిది. చెట్టుని గుద్దేదాకా అది పనిచేస్తూనే ఉంది. సృజన్ తీగే షార్ట్ అయితే, లైట్లు పోయాక తొమ్మిది సెకన్లు దానికి కరెంటు ఎవరిచ్చారు?"

"లోపల బ్యాటరీ ఉంటుంది."

"ఈ మోడల్లో లేదు."

"గడియారాల్లో తేడా."

"రెండూ ఉపగ్రహం నుంచే టైము తీసుకుంటాయి. పోలీసు ఫైల్లో నలభై మూడో పేజీ. మీకూ వచ్చింది కదా ఆ ఫైలు?"

వాసుదేవరావు చేతి గడియారం చూసుకున్నాడు. "మూడింటికి లారీ వస్తుంది. మీ వాదన కోర్టులో చెప్పుకోండి."

"చెబుతాను. ఇంకో తీగ కూడా దొరికింది. ఎవరో పై నుంచి మూడో ఫ్యూజుకి చుట్టారు."

"మూడోదా?" అతను నవ్వాడు. "మూడోది లోపలి దీపానిది కదండీ! దానికి తీగ చుడితే హెడ్‌లైట్లు ఎందుకు ఆరతాయి? నిపుణురాలు మీరు, నేను చెప్పాలా?"

హైమావతికి ఇందాకటి నుంచి అర్థం కాని ముడి ఆ నవ్వుతోనే విడిపోయింది.

"మూత మీద బొమ్మ చూడండి, వాసుదేవరావుగారూ. ఈ బండిలో పై నుంచి మూడోది లైట్ల స్విచ్చి. స్టీరింగు ఎడమవైపున్న బండిలో ఈ బాక్సుని తలకిందులుగా బిగిస్తారు. పై నుంచి మూడోది లోపలి దీపమయ్యేది స్టీరింగు కుడివైపున్న బండిలో. అంటే హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవాటిలో. పద్నాలుగేళ్ళు మీరు చెయ్యి పెట్టినవి అవే కదా?"

"పొరపాటున అన్నాను. అంతమాత్రానికే..."

అతని కోటు జేబులో ఫోన్ టింగుమంది. అలవాటుగా తీసి చూసుకున్నాడు. చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మొహంలో రంగు తగ్గింది.

"ఎవరండీ?"

"ఇంటి నుంచి."

హైమావతి వెనక్కి జరిగి, జాకెట్ కింద చెయ్యి పెట్టి బ్యాటరీ క్లిప్పు పీకేసింది. నాలుగు సెకన్లు. జేబులో ఫోన్ మళ్ళీ టింగుమంది. ఈసారి అతను తీయలేదు. తీయకపోగా, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కళ్ళారా చూడ్డం ఆమెకిదే మొదటిసారి.

"హెర్ వోల్టర్స్, ఒక్కసారి ఇటు వస్తారా?" జర్మన్‌లో పిలిచింది. "ఈ డబ్బీకి నేను కరెంటు ఇస్తాను, తీస్తాను. ఎక్కడ చప్పుడవుతుందో విని, టైము రాసుకోండి."

జాకెట్ తీసేసింది. క్లిప్పు తగిలించింది, టింగు. పీకింది, టింగు. వోల్టర్స్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ చప్పుడు అర్థం కావడానికి తెలుగు అక్కర్లేకపోయింది. ఆయన రిజిస్టర్లో 14:49 అని రాసి, కింద గీత కొట్టాడు. తర్వాత వెళ్ళి గేటుకి గొళ్ళెం వేసి వచ్చాడు.

"పోలీసులు వచ్చేదాకా ఈ బండి కదలదు. లారీ వస్తే బయటే ఆగుతుంది."

వాసుదేవరావు గొంతు తగ్గించాడు. "ఆర్నెల్లలో రెండు క్లెయిములండీ ఆ విక్రాంత్‌వి. దొంగ క్లెయిములనుకున్నాను. అక్టోబర్ ఇరవై తొమ్మిదిన బంపర్ చూడ్డానికని వెళ్ళినప్పుడు ఈ ట్రాకర్ పెట్టాను. కంపెనీకి కూడా తెలీదు. లోపలి దీపం ఫ్యూజుకే పెట్టాననుకున్నాను, దేవుడి తోడు. దానికీ లైట్లకీ సంబంధం లేదనే అనుకున్నాను."

"దొంగచాటుగా పెట్టడం ఇక్కడ నేరమని తెలుసా?"

"తెలుసు."

"సృజన్‌కీ వాడు చేసింది తప్పని తెలుసు. వాడు రెండు పేజీలు రాసుకుని కూర్చున్నాడు. మీరెన్ని రాశారు? ఆ ఫోన్ ఇలా చూపించండి."

"చూపించను. అది నా సొంతం."

"చూపించకండి. కానీ ఏమీ చెరపకండి. ఆయన చూస్తున్నాడు."

చెరపకండి అనేసరికి అతను ఫోన్ తీశాడు. బెదిరిన మనిషి చెయ్యి, వద్దన్నదాని వైపే పోతుంది. వోల్టర్స్ అతనికన్నా జానెడు పొడుగు. కళ్ళద్దాలు సవరించుకుని, భుజం మీదుగా తెర మీదికి చూసి, రిజిస్టర్లోది అప్పజెప్పినట్టు పైకి చదివాడు.

"ఇవాళ, కరెంటు వచ్చింది. ఇవాళ, కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది." ఆయన ఆగాడు. "దాని పైన ఇంకొకటుంది. పద్నాలుగు నవంబర్, పద్దెనిమిది నలభై ఏడు. కరెంటు పోయింది."

విక్రాంత్ కళ్ళ ముందు రోడ్డు మాయమైన నిమిషంలోనే ఆ కబురు వాసుదేవరావు జేబులోకి వచ్చింది. డబ్బీలోని చిటికెడు బ్యాటరీ పంపిన చివరి మాట. ఇరవై రోజులుగా అది అతని దగ్గరే ఉంది.

"సంబంధం లేదనుకున్నారా, వాసుదేవరావుగారూ?" హైమావతి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "లైట్లు ఆరిన నిమిషం మీ రిపోర్టులో రాశారు. అదే నిమిషం మీ ఫోన్లో ఉంది. తీగ చుట్టడం పొరపాటే అనుకుందాం. ఇది చూశాక కూడా ఆ పిల్లాడి పేరు రాశారు చూడండి, అది మాత్రం పొరపాటు కాదు."

అతను అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు. హైమావతి అతని వైపు మళ్ళీ చూడలేదు. వోల్టర్స్ పోలీసులకి ఫోన్ చేస్తుంటే, ఆమె సృజన్ నంబరు నొక్కింది.

రెండూ యాభై ఆరు. ఆరుసార్లు మోగాక ఎత్తాడు.

"అక్కా, లోపలికి పిలుస్తున్నరు. ఫోన్ బంద్ చెయ్యమంటున్నరు."

"వెళ్ళు. రాడార్ పెట్టింది నువ్వేనని చెప్పు, అది నిజం కాబట్టి. మీ మామకి పంపిన ఫొటో చూపించు. పూజితగారి లాయరుని అక్కడికే పంపిస్తున్నా. ఆ రెండు పేజీలు మాత్రం ఇవ్వకు."

"మరి లైట్లు?"

"అవి ఆర్పింది వేరే తీగ. అది పెట్టినవాడు ఇక్కడే కూర్చున్నాడు."

అవతల జర్మన్‌లో ఎవరో అతని పేరు పిలిచారు. సృజన్ ఫోన్ పెట్టెయ్యలేదు.

"అక్కా, ఆ బోల్టు?"

"నేనే స్పానరు పెట్టి తిప్పాను. కదల్లేదురా."

అవతల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు మధ్యలోనే కాగితం చిరిగిన చప్పుడు, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా.